పట్టీ ఎక్కడికీ పోలేదు

ఆమెను అందరూ నూలక్క అనేవారు. నడుముకు ఎప్పుడూ ఒక నూలు ఉండ వేలాడుతుండేది. టేపు సాగుతుంది గానీ బిగించిన దారం మోసం చెయ్యదని ఆమె నమ్మకం. చదువు అయిదో తరగతితో ఆగింది. నేల పరిచే పని అక్క మొగుడు నేర్పాడు. ఆయన మేస్త్రీ. పద్దెనిమిదేళ్లుగా ఏ పని ఒప్పుకున్నా నేల మాత్రం ఆమెకే అప్పగించేవాడు. కోపం ఆమెకు ముక్కు మీదే ఉండేది. పని ముందు ఆ కోపాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు.

ఆ ఏడు ఒక కొత్త గ్రంథాలయంలో హాలు పని వచ్చింది. నాలుగు వైపులా ఇరవై అడుగుల చదరం. దాని లోపల, ఒక్కో గోడను ఒక్కో చోట తాకేలా, ఇత్తడి పట్టీతో నాలుగు భుజాల ఆకారం వెయ్యాలి. మొదటి ప్లానులో దాని కోణాలు గోడల నడిమధ్యకు వచ్చాయి. యాభై ఏడు అడుగుల పట్టీ తెప్పించారు. తీరా పని మొదలుపెట్టేవేళకు, ఒక కోణం సరిగ్గా వాకిట్లో కాళ్లకు అడ్డం పడుతోందని ఇంజనీరు ప్లాను మార్చాడు. కోణాలు ఎదురెదురుగా ఉన్న రెండు మూలల వైపు జరిగి, వాటికి అయిదేసి అడుగుల దూరంలో నిలిచాయి. నిండుగా ఉన్న బొమ్మ కాస్తా సన్నగా, పొడుగ్గా సాగింది.

మూడు రోజుల్లో నూలక్క పట్టీ బిగించేసింది. అయిదంగుళాల ముక్క మిగిలింది.

ఇంజనీరు వచ్చి చూశాడు. "మిగతా పట్టీ ఏది?"

"ఇదే సార్."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. బొమ్మ ఇంత చిక్కిపోయాక పదడుగులైనా మిగలాలి. ఎక్కడ దాచావ్?"

ఆమె నోరు తెరిచేలోపే వాచ్‌మన్ చేత ఆమె సంచీ బోర్లింపజేశాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, మార్చుకునే బట్టలు సిమెంటు దుమ్ములో పడ్డాయి. నలుగురు కూలీలు, ఇద్దరు పెయింటర్లు చూస్తూ ఉండిపోయారు. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నూలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడుము దగ్గరి దారం లాగి, కొస ఇంజనీరు చేతిలో పెట్టింది.

"ఆ మూలలో కూర్చుని గట్టిగా పట్టుకోండి."

ఆ గొంతు విని ఆయన కూర్చున్నాడు. ఆమె ఐమూలగా ఎదుటి మూల దాకా దారం బిగించి తెంపింది. అదే దారాన్ని పక్కపక్కనే ఉన్న రెండు పట్టీల మీద, ఒక పొట్టిది, ఒక పొడుగుది, ఆనించి పరిచింది. కొసకు కొస సరిపోయింది.

"చూశారా? ఈ రెండూ కలిపితే ఐమూల పొడుగు. అవతలి రెండూ అంతే. పట్టీలు ఐమూల వాటంగానే ఉంటే కోణాలు ఎటు జరిపినా చుట్టుకొలత మారదు. పొట్టి దాంట్లో తగ్గింది పొడుగు దాంట్లో పెరుగుతుంది. మొత్తం యాభై ఆరు అడుగుల ఏడంగుళాలు. మీరు తెచ్చింది యాభై ఏడు. తీసేస్తే మిగిలేది ఈ ముక్కే!"

ఇంజనీరు ఫోనులో ఏవో అంకెలు నొక్కాడు.

"సరేలే, పని చూసుకో."

"సరేలే ఏంటి? దొంగనని అరిచినంత గట్టిగా, కాదని కూడా అరవండి!"

ఆయన వినిపించుకోకుండా కారెక్కాడు. నూలక్క బావ వైపు తిరిగింది.

"నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా బావా?"

"పెద్దవాళ్లతో మనకెందుకే? పని పోతుంది."

"పని పోతుందని భయపడ్డావు. నా పరువు పోతుంటే కనబళ్లేదా?"

మర్నాడు పొద్దున్నే వచ్చి హాలు గుమ్మంలో బైఠాయించింది. నేల నునుపు చేసే మిషన్‌ని లోపలికి పోనివ్వలేదు. రెండు రోజులు అలాగే కూర్చుంది. మూడో రోజు గ్రంథాలయం అధికారి, పెయింటర్లు చెప్పిందంతా విని, ఇంజనీరును పిలిపించాడు. ఆ ఆరుగురి ముందే ఆయన "పొరపాటు నాదే" అన్నాడు. ఆమె తలైనా ఊపలేదు. లేచి, మిషన్‌కు దారిచ్చి, పని పూర్తిచేసి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా అక్క ఇంటికొచ్చింది.

"ఇంజనీరే తప్పొప్పుకున్నాడు కదే. మీ బావ మీద ఇంకా ఎందుకే ఈ మంట?"

"ఇంజనీరుకు లెక్క తెలీదు. నీ మొగుడికి నేను తెలుసు."

తర్వాత నూలక్క ఇద్దరు ఆడకూలీలను వెంటేసుకుని సొంతంగా పనులు పట్టింది. బావ రెండుసార్లు కబురు పంపాడు. ఆమె వెళ్లలేదు.