గుంతలో పడ్డ బండమనిషి

గాంధీపురంలో బస్సుకు కాచుకోని ఉంటే, పాత సామాన్ల అంగడిలో టీవీకి పెట్టి ఆడే పసుపుపచ్చ వీడియో గేమ్ క్యాసెట్టు కనబడింది. చేతికి తీసుకోని, అప్పట్లో మనమంతా చేసినట్టే, దాని అడుగున ఉఫ్ అని ఊదితిని. గుర్తుందా మీకు?

ఆ ఆటలో ఒక బండమనిషి ఉంటాడు, గోడలనే గుద్ది పడగొడతాడు. "అందరికంటే బలం వాడికేరా" అనేవాడు మా చిన్నాయన కొడుకు శీను. "కాదు, మా నాయనకు" అనేవాణ్ణి నేను. మదురై పక్క మా ఊరిలో, పెళ్లికి ముందు మగవాళ్లు ఎత్తి చూపించే గుండ్రాయి ఉండేది, తమిళంలో ఇళవట్టకల్లు అంటారు. నాయన దాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరినాడని ఊరంతా చెప్పేది.

ఆ ఆట ఆడుకుంటా ఉండిన ఎండాకాలమే మా ఎద్దు గట్టు లేని బావిలో పడింది. నాయన మోకు నడుముకు చుట్టుకోని లాగినాడు. ఇంకా పదిమంది లాగిరి. క్రేన్ వచ్చేలోపే దాని అరుపు నిలిచిపోయింది.

మరుసటి రోజు నేను ఆడతా ఉంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మోకు ఒరుసుకుపోయిన అరచేతులకు పసుపు పూసి ఉంది. టీవీలో బండమనిషి గుంతలో పడినాడు. మళ్లీ మొదట్నుంచి నడుచుకుంటా వచ్చినాడు.

"పడినోడు ఎట్లా వచ్చెరా?" అన్నాడు నాయన.

"మూడు తడవలు వస్తాడు నాయనా."

"ఆడు, చూస్తా" అన్నాడు.

బండమనిషి మళ్లీ ఆ గుంత అంచుకే వచ్చి నిలబడినాడు. నాకు మీట నొక్కడానికి చెయ్యి రాలేదు.