ఎఫ్ వన్ నొక్కే సత్యవేణి

నాచారంలోని ఆ మూడంతస్తుల ఇంటికి సత్యవేణితో ఉన్న అవసరం ఏమిటో చెప్తే నవ్వుతారు. ఆవిడ ఎమ్మే తెలుగు చదివి, భీమవరంలో రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. పెళ్లై ఇక్కడికొచ్చాక ఆమెకు దొరికిన ఉద్యోగం ఒక మీట నొక్కడం.

భర్త గిరిప్రసాద్ ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాత కంప్యూటర్ పారేయబుద్ధికాక, దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, ఇంటికొచ్చే ఇంటర్నెట్ అంతా దాని గుండానే పోయేలా చేశాడు. పై పోర్షన్లకూ వైర్లు లాగాడు. బయటి దొంగలు చొరబడకుండా అదే కాపలా, ఫైర్‌వాల్ అంటారని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. అంతా బాగానే ఉంది గానీ, కరెంటు పోయి వస్తే ఆ కాపలావాడు తనంతట తాను లేవడు. బటన్ నొక్కాలి. ఆపైన ఎఫ్ వన్ మీట నొక్కమని తెర మీద అడిగి, నొక్కేదాకా మొండికేసి కూర్చుంటాడు.

అది 2008 జూన్, ఎండలింకా తగ్గలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. వచ్చిన అయిదు నిమిషాల్లో నెట్ లేవకపోతే గిరిప్రసాద్‌కు ఆఫీసు కంప్యూటర్లోనే తెలిసిపోయేది. వెంటనే ఫోను. "ఎక్కడికెళ్లావ్?" కరివేపాకు కోసం సందు చివరికి వెళ్లినా అదే ప్రశ్న. సత్యవేణి బతుకు కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

రామంతాపూర్‌లో ఒక బడివాళ్లు తెలుగు టీచరుగా రమ్మన్నారు. శనివారంలోగా చెప్పాలి.

"మరి కరెంటు పోతే ఎవరు చూస్తారు? పైవాళ్లంతా నామీద పడతారు," అన్నాడు గిరిప్రసాద్.

ఏడుపొచ్చింది ఆమెకు. ఒక మీట కోసం ఏడుస్తున్నానా అని సిగ్గు కూడా వేసింది.

శుక్రవారం పొద్దున కరెంటొచ్చినా నెట్ రావట్లేదంటూ పై పోర్షన్ దీప దిగొచ్చింది. జనగామ పిల్ల, ఏఎస్ రావు నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. తెర చూసి నవ్వింది.

"లోపల సెల్లు సచ్చింది అక్కా, గందుకే కరెంటు పోతే అన్నీ మర్సిపోతది. గడియారంల ఏస్తరు సూడు, గసొంటిదే. గది మారిస్తే నువ్వు నొక్కే పనే లేదు. కరెంటొస్తే దానంతట అదే లేస్తది."

"ఆయనకు తెలియదా ఇది?"

"గిరన్నకు దసరప్పుడే జెప్పిన. కొత్త సెల్లు గూడ తెచ్చిచ్చిన గదా!"

సత్యవేణి సొరుగు లాగింది. విప్పని కవర్లో సెల్లు అలాగే ఉంది. ఎనిమిది నెలలు! ఒళ్లు మండిపోయింది.

దీప సెల్లు మార్చి, ఏవో మార్పులు చేసి, మెయిన్ ఆపి మళ్లీ వేసింది. ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్ లేచింది. సత్యవేణి చీర మార్చుకుని రామంతాపూర్ ఆటో ఎక్కింది.

సాయంత్రం గిరిప్రసాద్ చెప్పులు విప్పుతూ, "మధ్యాహ్నం కరెంటు పోయింది కదూ? వచ్చిన వెంటనే లేపావే. ఇంట్లోనే ఉన్నావన్నమాట," అన్నాడు సంతృప్తిగా.

"లేను. బడికి వెళ్లి, సోమవారం చేరతానని చెప్పొచ్చాను. మీరు దాచిన సెల్లు దీప వేసింది."

గిరిప్రసాద్ కంప్యూటర్ వైపు చూశాడు. కోప్పడలేదు. దిక్కుతోచనివాడిలా కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నువ్వు ఇంట్లో ఉన్నదీ లేనిదీ నాకెలా తెలుస్తుంది?"

ఇన్నాళ్లూ తను నొక్కింది ఎందుకో సత్యవేణికి అప్పుడు తెలిసింది. 

"అయిదింటికి బడి వదులుతారు. అప్పుడొస్తాను. అంతదాకా ఇంట్లో లేనట్టే."