యెన్ పడిన వేసవి

దయానందం తన చెల్లెలి చెవిలో ముందే ఊదాడని, రేటు పడకముందే ఆమె రొయ్యలు అమ్ముడుపోయాయని గుడివాడలో చాలామంది నమ్మారు. పామర్రు సెంటర్లో టీ తాగేవాళ్లు దానికి ఇంకాస్త కలిపారు. "మనకైతే జపాను, డాలరు అని పాఠాలు చెప్తాడు. చెల్లెలికి మాత్రం వల దించమ్మా అని ఒక్క ముక్కలో తేల్చేశాడంట!"

దయానందం గుడివాడ కాలేజీలో పదకొండేళ్లు ఎకనామిక్స్ చెప్పి, అది వదిలేసి వ్యాపారస్తులకు సలహాలు రాసిచ్చే పనిలోకి దిగాడు. రూపాయి ఎటు పోతుంది, డీజిల్ పెరుగుతుందా, బయటి దేశాల్లో ఎవరు కొంటారు, ఎవరు మానేస్తారు. ప్రతి శుక్రవారం రెండు పేజీలు రాసి, బస్సులో బందరు పట్టుకెళ్లేవాడు. అక్కడ రొయ్యల ఎగుమతి కంపెనీ యజమాని శివరామయ్య ఆ పేజీలు తిప్పేవాడు కూడా కాదు.

"ఆఖరు లైను చెప్పండి దయానందం గారూ. కొనమంటారా, ఆగమంటారా?"

చదివిన చదువంతా ఆ ఒక్క లైనులో ఇమడాలి.

తొంభై ఎనిమిది వేసవిలో ఆ లైను "ఆగండి." జపాను వాళ్ల యెన్ జారిపోతోంది, మన రొయ్యలు కొనేది వాళ్లే, నెల తిరిగేలోగా రేటు పడుతుంది. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలండీ" అన్నాడు శివరామయ్య. దయానందం సరేనన్నాడు. అలా సరేననడం కూడా ఆ పనిలో భాగమే.

ఆ ఆదివారం నాగాయలంక దగ్గర చెల్లెలు రత్నకుమారి ఇంటికి వెళ్లాడు. ఆమెకున్నదల్లా రెండెకరాల రొయ్యల చెరువు.

"ఇంకో పదిరోజులాగితే రొయ్య పెరిగి కేజీకి ముప్పయ్యే తూగుతాయి, రేటెక్కువ పలుకుద్దంటన్నాడు ఏజెంటు. నువ్వేమంటావన్నయ్యా?"

"రొయ్యల సంగతి నాకేం తెలుసే?"

"బందరోళ్లకి చెప్పేటప్పుడు తెలుస్తుంది గానీ!" నవ్వుతూ ఇంకో ముద్ద వడ్డించింది. "తిను. ఊరికే పేపర్లు తిని బతుకుతున్నావు. ఈ కట్ట మీద చెరువులున్నోళ్లంతా నా చెరువునే చూస్తన్నారు. రత్నం వల దించిందంటే వాళ్లన్న చెప్పినట్టేనంట. నువ్వు చెప్పేదాకా నేను దించను."

ఆమెకు చెబితే కట్ట మొత్తానికి చెప్పినట్టే. చెరువులన్నీ ఒక్కసారే సరుకు తోలితే శివరామయ్యకు తెలియకపోదు. దయానందం పళ్లెం ఖాళీ చేశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని బస్సెక్కాడు.

రెండు వారాలకు రేటు పడింది. ఇక దాచేదేమీ లేదు, అందరితోపాటు ఆమె కూడా పట్టించేసి ఉంటుందనుకున్నాడు. ఫోను చెయ్యడానికి ముఖం చెల్లలేదు.

"చెల్లెలు గారిని గట్టెక్కించారంటగా? తప్పేముందిలెండి, నేనైనా అదే చేసేవాణ్ణి" అని శివరామయ్య భుజం తట్టాడు. కాదనాలంటే సొంత చెల్లెలికి చెప్పలేదని చెప్పుకోవాలి. దయానందానికి అంత ధైర్యం లేకపోయింది. ఆ శుక్రవారం నుంచి శివరామయ్య ఆఖరు లైను అడగడం మానేశాడు.

రేటు పడిన రెండు రోజుల్లోనే కట్ట మీది చెరువులన్నీ ఖాళీ అయ్యాయి. రత్నకుమారి మాత్రం అన్నయ్య ఇంకా చెప్పలేదని తొమ్మిది రోజులు ఆగి, అందరికన్నా ఆఖరున వల దించింది.