సైరన్ మోగేదాకా

లెక్క వేస్తే, ఆ ఏడాది మా చిన్నది పోగొట్టుకున్నవి ఇవి: రెండు జడలు, ఒక పాలపన్ను, ఒకటో తరగతి మొత్తం. నేను పోగొట్టుకున్నది నిద్ర. దానికి లెక్క రాయలేదు.

ఎనభై అయిదులో ఒక ఆదివారం, స్టీల్ ప్లాంట్ వాళ్లిచ్చిన సెక్టర్ 6 క్వార్టర్‌లో నలుగు పెడుతూ మా ఆవిడ దాని కాళ్ల మీద నీలం మచ్చలు చూసింది.

"ఏటే, ఎక్కడ పడ్డావు?"

"ఎక్కడా పడలేదమ్మా."

సాయంత్రానికి చిగుళ్ల నుంచి రక్తం. బ్లడ్ టెస్ట్, తర్వాత బోన్ మ్యారో టెస్ట్. "అప్లాస్టిక్ అనీమియా" అన్నారు, అంటే ఎముకల్లోని మ్యారో, మజ్జ, రక్తం తయారుచెయ్యడం మానేసిందట. అదృష్టం, పెద్దకూతురి మ్యారో సరిపోయింది. బొంబాయి డాక్టరమ్మ చెప్పింది: "ట్రాన్స్‌ప్లాంట్ చేద్దాం. కానీ ఇన్ఫెక్షన్ సోకకుండా ఆరేళ్ల పిల్ల వారాల తరబడి ఒకే గదిలో ఉండాలి. ముందే అలవాటు చెయ్యండి."

నేను ప్లాంట్‌లో టైమ్‌కీపర్ని. నాకు తెలిసిన పద్ధతిలోనే నేర్పాను. పడకగది ప్లాంట్, తలుపు మెయిన్ గేట్, చిన్నది షిఫ్ట్ ఇన్‌ఛార్జి. చేతులు కడిగి, మూతికి రుమాలు కట్టి, పాస్ చూపిస్తేనే ఎవరైనా లోపలికి. సైరన్ మోగేదాకా ఇన్‌ఛార్జి గేటు దాటకూడదు. సూది నొప్పెడుతుందనీ, జుట్టు ఊడుతుందనీ దాచకుండా చెప్పాం.

"నీ హెల్మెట్ ఎట్టుకుంటే ఎవులికి తెలుస్తాది, నానా?" అంది.

పెద్దది బేరం పెట్టింది. "నా మ్యారో ఓవర్‌టైమ్ డ్యూటీ. ఏటిస్తావు?"

"వంద జిలేబీలు, అప్పా. ఖుర్సీపార్ బజారువి."

బొంబాయిలో కీమో, వాంతులు. అప్ప మ్యారో ఎక్కించాక కూడా రక్తకణాల కౌంట్ లేవలేదు, జ్వరం దిగలేదు. గది గాజు తలుపు ఇవతల మేం ఆట మర్చిపోయాం. చిన్నది మాత్రం డ్యూటీ వదల్లేదు. పెద్ద డాక్టర్‌ని సైతం "సాబ్, పాస్ దిఖావో" అని నిలబెట్టేది. ఆయన బుద్ధిగా జేబులోంచి ఏదో చీటీ తీసి చూపించేవారు.

ఒక ఉదయం డాక్టరమ్మ తలుపు బార్లా తెరిచింది. "మ్యారో పట్టింది! బయటికి రా, తల్లీ."

చిన్నది మంచం దిగలేదు. "సైరన్ మోగలేదు కదా."

బొంబాయి ఆసుపత్రిలో సైరన్ ఎక్కడిది? మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "ఏటలా చూస్తారు? నేర్పింది మీరే, కూయండి!"

నర్సులందరి ముందూ వరండాలో నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి కూశాను. చిన్నది నవ్వుతూ గేటు దాటింది.

ఇప్పుడు నాలుగో తరగతి. జడలు భుజాలు దాటాయి. పిల్లల్ని ఇలా సిద్ధం చేస్తున్న తల్లిదండ్రులకు ఒకటే మాట: గదిలోకి వెళ్లడం ఆడించినట్టే, బయటికి రావడమూ ఆడించండి. మేం అంతదూరం ఆలోచించడానికి భయపడ్డాం.

ఇక ఓవర్‌టైమ్. అప్పకి ఇంకా ముప్పై ఏడు జిలేబీలు బాకీ.