నేను ఎర్రగుర్తు పెట్టిన చేపల సైటు

మా ఇల్లు రాజాంలో. కింద నాన్న కిరాణా కొట్టు, పైన మేము. వీధివైపు గదిలో కూర్చుని నేను వెబ్‌సైట్ల పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతుంటాను. అదే నా ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉంది, పని మాత్రం ఇంటి నుంచే. కొట్టుకు వచ్చినవాళ్లు "మీ అమ్మాయి ఏటి సేస్తంది?" అని అడిగితే, నాన్న "కంప్యూటర్లో దొంగల్ని పట్టుకుంటాది" అని గొప్పగా చెబుతారు.

దొంగల్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు కనబడేది ఒక తెర. పైన ఖాళీ పెట్టెలో అనుమానం వచ్చిన సైటు పేరు కొడితే చాలు. ఆ పేరును ఎప్పుడు రిజిస్టర్ చేశారు, ఎవరి ద్వారా కొన్నారు, కొన్నవాళ్లు తమ వివరాలు దాచుకున్నారా, సైటు ఏ సర్వర్ మీద ఉంది, అంతకుముందు ఎక్కడ ఉండేది, అన్నీ వరసగా వచ్చేస్తాయి. కుడిపక్క ఒక పటం ఉంటుంది. మనం వెతికిన సైటు మధ్యలో చిన్న చుక్క. అదే సర్వర్ మీద ఉన్న మిగతా సైట్లు దాని చుట్టూ చుక్కలు. మోసపు సైటయితే ఎరుపు, మంచిదయితే పచ్చ, ఇంకా తేలనిదయితే బూడిద రంగు. బూడిద చుక్కలను అటో ఇటో తేల్చడం నా పని. నేను ఎర్రగుర్తు పెడితే, ఆ సైటు తెరవబోయిన వాళ్లకు ఫోన్లో ప్రమాద హెచ్చరిక వస్తుంది. మా గుర్తును చూసి ఇంకొన్ని కంపెనీలు కూడా అదే గుర్తు పెట్టేస్తాయి.

మొదట్లో ఒక్కో సైటుకు అరగంట పట్టేది. ఏడాది తిరిగేసరికి పటం చూడగానే చెయ్యి దానంతటదే పోయేది. ఒకరోజు పొద్దున్న వచ్చిన జాబితాలో ఎండుచేపలు అమ్మే సైటొకటి ఉంది. పేరు రిజిస్టరయి మూడు వారాలు. కొన్నవాళ్ల వివరాలు దాచి ఉన్నాయి. పటంలో దాని చుట్టూ బ్యాంకుల పేర్లను కొద్దిగా మార్చి పెట్టిన దొంగ సైట్లే, ఎర్రగా, ఆవాలు చల్లినట్టు. నేను సైటు తెరిచి చూడలేదు. ఎర్రగుర్తు పెట్టి తరవాతి దానికి వెళ్లిపోయాను. కాఫీ చల్లారకముందే ఇంకో నాలుగు తేల్చేశాను కూడా.

నెల దాటాక మా టీం లీడరు ఒక ఫిర్యాదు పంపాడు. ఆయనకు తెలుగు రాదు. "ఏం రాశారో చూసి చెప్పు" అన్నాడు. ఫోనుకు నోటితో చెప్పి రాయించినట్టుంది, మాట మాటలాగే ఉంది. "మా సైటు తెరిస్తే ఎర్ర బోర్డు వస్తాది. మాం ఎవుల్నీ మోసం సెయ్యలేదు. ఎండు సేపలు అమ్ముకుంటన్నాం. ఎందుకు ఆపేసినారో సెప్పండి."

ఆ యాస మా యాసే. అప్పుడు తెరిచాను ఆ సైటును, మొదటిసారి. ఇసుక మీద ఎండుతున్న నెత్తళ్లనే చిన్న చేపల ఫోటోలు, వాటిని తిరగేస్తున్న ఒక ఆడమనిషి చేతులు, కింద శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు అని ఊరు, ఫోన్ నంబరు. దాచిందంటూ ఏమీ లేదు. చవగ్గా దొరికే సర్వర్‌లో చోటు తీసుకున్నారు. అదే సర్వర్‌లో దొంగలూ చోటు తీసుకున్నారు. అంతే సంగతి. వివరాలు దాచడం కూడా వాళ్లు చేసింది కాదు, పేరు అమ్మిన కంపెనీయే మామూలుగా అందరికీ అలా చేస్తుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు.

గుర్తు మార్చాను. కంపెనీ తరఫున రెండు వాక్యాల జవాబు వెళ్తుంది, దాంతో సరిపోతుంది. కానీ నాకు సరిపోలేదు. పద్ధతి కాదని తెలిసీ ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. సంగతి చెప్పాను.

"మీరేనా ఆ ఎర్ర బోర్డు పెట్టినోలు?"

"నేనే."

"అయితే ఒక్కపాలి వచ్చి సూడండి."

ఆదివారం శ్రీకాకుళం బస్సెక్కి, అక్కడ మారి శ్రీకూర్మం చేరి, ఆటోలో ఒడ్డుకు వెళ్లాను. ఫోన్లో మాట్లాడిన ఆవిడకు నా వయసే ఉంటుంది. భర్త వేటకు పోయాడట. అత్తగారు కర్రల మీద కట్టిన వల మీద చేపలు తిరగేస్తోంది. కోడలు ఇంటరు చదివింది. సైటు తనే, ఫోన్లో వీడియోలు చూసి చేసుకుంది.

నేను లాప్‌టాప్ తెరిచి పటం చూపించాను. ఇదిగో మీరు, ఇవిగో మీ చుట్టూ దొంగలు, అందుకే పొరబడ్డాను అని చెప్పాను. అత్తగారు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి తొంగిచూసింది.

"ఓలమ్మా, పక్కింటోడు దొంగయితే మాం కూడా దొంగలమేటి?" అంది.

"సైటు తెరిసి సూడలేదా మేడం?" కోడలు అడిగింది.

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పే వీలు ఉంది. తెరిచాను గానీ సరిగ్గా చూడలేదని అనొచ్చు. ఆవిడ కళ్లల్లోకి చూస్తూ అనలేకపోయాను.

ఆవిడ ఒక నెత్తల్లిని తీసి నా చేతిలో పెట్టింది. "వాసన సూడండి. ఇరిసి సూడండి. పుటుక్కుమంటే బాగా ఎండినట్టు. మాకూ పక్కోలకీ ఇసక ఒకటే. ఎవుల సేప ఆలదే. ముట్టుకోకుండా ఎలగ తెలుస్తాది?"

విరిచాను. పుటుక్కుమంది. ఒక పొట్లం కట్టివ్వబోతే, మా ఇంట్లో చేప తినం, కోమట్లం అని చెప్పాను. అత్తగారు పకపకా నవ్వింది. "తిననోలు వచ్చి మా సేప సెడ్డదన్నారు, సూడే!" ఆ నవ్వుకు కోడలూ నవ్వింది గానీ, వెంటనే మామూలైపోయింది. విశాఖకు తెప్పించుకునే ఇద్దరు ముగ్గురు ఆ ఎర్ర బోర్డు చూశాక మళ్లీ పలకలేదట. "ఫోన్ సేసి సెప్పినా నమ్మలేదు మేడం" అంది. తప్పు నాదని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం కంపెనీ చేత ఇప్పిస్తానన్నాను.

ఆ ఉత్తరం ఇప్పించడానికి పది రోజులు పట్టింది. లీడరు మొదట ఒప్పుకోలేదు. ఎవరి తప్పని పైవాళ్లు అడుగుతారన్నాడు. నా పేరే రాయమన్నాను. కొన్ని ఫోన్లలో హెచ్చరిక పోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఉత్తరం చూపించాక విశాఖ వాళ్లలో ఒకామె తిరిగి వచ్చిందని, మిగతావాళ్లు రాలేదని కోడలు మెసేజ్ పెట్టింది. క్షమించానని మాత్రం ఎక్కడా అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు రోజుకు నేను తేల్చే సైట్లు సగానికి తగ్గాయి. ఎందుకని లీడరు అడిగితే, తెరిచి చూస్తున్నానని చెప్పాను. ఆ తరవాత మా టీంలో, పక్క చుక్కల్ని చూసి మాత్రమే ఎవరైనా ఎర్రగుర్తు పెట్టబోతే, ఇంకొకరు కూడా ఆ సైటు తెరిచి చూడాలని లీడరు నియమం పెట్టాడు.

మొన్న కోడలు తన సైటులో ఎండు రొయ్యలకు కొత్త పేజీ పెట్టి, అక్షరాలు బాగా కనబడుతున్నాయా చూడమంది. అక్షరాలు బాగున్నాయి, ఒక ఫోటో మాత్రం తలకిందులుగా ఉంది. చెప్పాను. సాయంత్రానికి సరిచేసింది.