చేరిన తేదీ

మా వీధిలో ఉండే, స్పిన్నింగ్ మిల్లులో మేస్త్రీగా చేసిన బాబాయ్ పోయాడన్న కబురు నాకు గుంటూరు లేబర్ కోర్టు మెట్ల మీద తెలిసింది. వాయిదా మళ్లీ పడిందని చెబుదామని ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది. "ఇంక ఆ సంగతి చెప్పబాకమ్మా. మీ బాబాయి పొద్దున్నే పోయాడు" అంది. ఆయన లాయరును నేనే. ఏడుపు కంటే ముందు ఒళ్లు మండిపోయింది.

ఎడ్లపాడు దగ్గర మిల్లులో ఆయన ఇరవై ఏడేళ్లు పనిచేశాడు. ఆ మిల్లును ఒక పెద్ద కంపెనీ తనలో విలీనం చేసుకుంది. అందరికీ కొత్త కార్డులిచ్చి, 'చేరిన తేదీ' దగ్గర విలీనమైన రోజు వేశారు. ముట్టినట్టు సంతకం పెట్టమంటే బాబాయ్ పెట్టేశాడు. ఏడాది తిరక్కుండానే మనుషుల్ని తగ్గిస్తూ బాబాయ్‌ని తీసేశారు. ఆఖర్న చేరినవాళ్లే ముందు పోవాలట. ఆయన దగ్గర పని నేర్చుకుని ముందే ఆ కంపెనీకి వెళ్లినవాడు సీనియరు, నేర్పిన ఈయన జూనియరు!

కేసులో మొదటి తప్పు మాదే. కేసు పాత మిల్లు మీదే వేయమని బాబాయ్ పట్టుబట్టాడు. "నేను చేసింది ఆ మిల్లులో. ఈళ్లెవరో నాకేంది?" అన్నాడు. చట్టం చదివిన నేను కూడా ఆయన మొహం చూసి సరేనన్నాను. అలాంటి కంపెనీ లేదని నోటీసు తిరిగొచ్చింది. పేరు సవరించడానికే రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. వాయిదాకు వచ్చినప్పుడల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం కట్టి తెచ్చేవాడు. నా ఫైలు దారం పీచు లేస్తే వేళ్లతో నులిమి సరిచేస్తూ కూర్చునేవాడు. ఓపిక ఆయన దగ్గరే నేర్చుకున్నాను, పూర్తిగా రాలేదు.

సాక్ష్యం రోజున కంపెనీ లాయరు కార్డు చూపించి, మీరు కొత్తగా చేరినవారే కదా అని అడిగాడు. బాబాయ్ నెమ్మదిగా, "పోగు తెగితే అతికిస్తామయ్యా. అతికినాక దాన్ని కొత్త నూలు కండె అంటామా?" అన్నాడు. జడ్జి గారు తలెత్తి చూసి రాసుకున్నారు. గెలుస్తామని నాకు అనిపించింది ఆ ఒక్క రోజే.

ఇప్పుడు ఆయన స్థానంలో పిన్నిని చేర్చమని అర్జీ పెట్టాను. మొన్న వాయిదాకు ఆమెను తీసుకెళ్లాను. బంట్రోతు పాత అలవాటున బాబాయ్ పేరే పిలిచాడు. నేను సర్దిచెప్పేలోపే పిన్ని లేచి, "వచ్చాడయ్యా" అంది.

కంపెనీ లాయరు మళ్లీ గడువు అడిగాడు, ఇచ్చారు. కూర్చో పిన్నీ అన్నాను. బంట్రోతు ఇంకెవరి పేరో పిలుస్తున్నాడు. పిన్ని ఇంకా నిలబడే ఉంది.