గుండిగ మూత మీద క్లాస్ ఏ

ఆ రోజుల్లో, అంటే మరీ పురాణకాలమేం కాదు, పాటంటే అరచేతిలోని ఫోన్లోంచి కీచుమంటూ వినబడేదేనని జనం సర్దుకుపోయిన రోజుల్లో, సంగీతానికి ఘోరమైన అన్యాయం జరిగిపోతోందని నాకొక్కడికే బెంగ పట్టుకుంది. ఉద్యోగం లేనివాడికి ఏదో ఒక బెంగ ఉండటం మంచిది. లేకపోతే ఇంట్లోవాళ్ళు ఉద్యోగం గురించి బెంగపెట్టుకోమంటారు. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, తణుకులో మా ఇంటి వెనకగదిలో సోల్డరింగ్ పొగ పీలుస్తూ, ప్రపంచానికి అసలైన శబ్దం అంటే ఏమిటో చూపించే పనిలో ఉన్నాను. ఆ పని పేరు క్లాస్ ఏ ఆంప్లిఫయర్.

మామూలు ఆంప్లిఫయర్ పాట వచ్చినప్పుడే పనిచేస్తుంది. క్లాస్ ఏ అలా కాదు. బేరం వచ్చినా రాకపోయినా పొయ్యి వెలిగించి, డికాక్షన్ మరిగిస్తూ కూర్చునే టీకొట్టు లాంటిది. పాట ఉన్నా లేకపోయినా అందులోని ట్రాన్సిస్టరు నిండుగా కరెంటు తాగుతూనే ఉంటుంది, తాగినదాంట్లో చాలాభాగం వేడిగా వదులుతూనే ఉంటుంది. అందుకే దాని గొంతు అంత తియ్యగా ఉంటుందని ఇంటర్నెట్‌లో పెద్దలు చెప్పారు (వాళ్ళలో ఎంతమందికి ఉద్యోగాలున్నాయో నేను విచారించలేదు). ఆ వేడి లాగేయడానికి దళసరి అల్యూమినియం పలక కావాలి. మా అటకమీద పెళ్ళిళ్ళప్పుడు దించే పెద్ద గుండిగ ఒకటుంది. దాని మూత బల్లపరుపుగా, బలంగా, దేవుడు నా కోసమే పోతపోసినట్టుంది. బెజ్జాలు కొట్టి ట్రాన్సిస్టరు బిగించేశాను. మూత కోసం అమ్మ వారం రోజులు వెతికి, చివరికి నా పెట్టె నెత్తిమీద దాన్ని పోల్చుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అమ్మ ఏమీ అనలేదంటే అనుమానించాల్సింది. నేను మురిసిపోయాను.

పెట్టె పాడింది. ఒక వాటో, వాటున్నరో, అంతే. గదిలో ఒక మనిషి వినడానికి అది చాలు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనొచ్చి మూతమీద చెయ్యిపెట్టి, చటుక్కున తీసేశారు.

"ఒరేయ్, ఇది పాట పాడుద్దా, అట్లు పోసుద్దా?"

"క్లాస్ ఏ అంటే అంతే నాన్నగారూ. వేడెక్కితేనే సౌండు కుదురుకుంటుంది. రాత్రంతా ఆన్‌లోనే ఉంచాలి."

"పాట లేకపోయినానా?"

"లేకపోయినా అండి."

ఆయన నావైపు చూశారు. పని లేకపోయినా పూటపూటా భోంచేసేది ఇంట్లో ఆ పెట్టె ఒక్కటే కాదని ఆయన చూపు చెప్పకనే చెప్పింది. అమ్మ మాత్రం నా పక్షం. ఎవరైనా గదిలోంచి అడుగు బయటపెడితే చాలు, వెనకాలే వచ్చి ఫ్యాను కట్టేసే అమ్మ, నా పెట్టె రాత్రంతా వెలుగుతుంటే పల్లెత్తు మాటనలేదు. "ఉండనివ్వండి, పిల్లాడు సరదాపడుతున్నాడు" అని నాన్నగారినే కసిరింది. లోకమంతా కాదన్నా కన్నతల్లి నా ప్రతిభను గుర్తించిందని నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడే మా మావయ్య కబురు పెట్టారు. అమ్మకి అన్నగారు. భీమవరంలో రొయ్యల మేత కొట్టు ఉంది. ఆదివారం భోజనానికొస్తున్నానని, కుర్రాడు ఖాళీగా ఉన్నాడు కాబట్టి తిరిగెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోయి కొట్లో కూర్చోబెట్టుకుంటానని. ఆ కొట్లో ఒక గంట కూర్చుని బయటికొస్తే ఊళ్ళో పిల్లులన్నీ మనవెంట నడిచొస్తాయి. నేను నాన్నగారి దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన లెక్కల మాస్టారి న్యాయమే చెప్పారు. "అంత వేడి లేకుండా ఆ పెట్టెని పాడించు. నీ చదువు నీకు అబ్బిందని ఒప్పుకుంటాను. ఏడాదిపాటు నిన్నెవరూ కదపరు. లేదంటే మావయ్య వెంట బయల్దేరు."

ఇక చూడండి నా తపస్సు. ఊరికే కరెంటు తగలేస్తున్న రెసిస్టరు పీకేసి, ఆ స్థానంలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను. తక్కువ కరెంటుకే గొంతెత్తే పాత రేడియో స్పీకరు ఒకటి సంపాదించాను. లెక్క తప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ తప్పి, శనివారం సాయంత్రానికి పెట్టె పాడింది. మూత చల్లగా ఉంది. బుగ్గ ఆనించి చూశాను, చల్లగానే ఉంది. అంత హాయిగా నేను పరీక్షలు పాసైనప్పుడు కూడా నిద్రపోలేదు.

ఆదివారం మావయ్య వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయనకిష్టమని నాదస్వరం పెట్టాను. కళ్ళు మూసుకున్నారు. తల ఊగింది, ఆపైన బొజ్జ కూడా ఊగింది. "అల్లుడూ, పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టుందిరా!" అన్నారు. నాన్నగారు మూతమీద చెయ్యిపెట్టి, తియ్యకుండా అలాగే ఉంచి, "పర్లేదు" అన్నారు. ఆయన సర్వీసులో ఫస్టు వచ్చినవాడికి కూడా అంతకంటే ఎక్కువ దక్కలేదు. నేను గెలిచాను.

భోజనాలకి కూర్చున్నాం. పప్పు, గుత్తొంకాయ, ముక్కల పులుసు అన్నీ సవ్యంగా జరిగాయి. మావయ్య చివరిముద్దలకి అన్నం మధ్యలో గుంట చేసుకుని, గడ్డ పెరుగు కోసం తలెత్తారు. అమ్మ గరిటె వంచింది. గుంటలోకి పెరుగు పడలేదు. పల్చగా, తెల్లగా, పాలు పారాయి.

"అమ్మాయ్, పాలు పోస్తున్నావేంటే?"

మావైపు గడ్డ పెరుగు లేకుండా పుట్టింటివాళ్ళకి భోజనం పెట్టడమంటే విస్తరి సగంలో ఎత్తేయడమే. అమ్మ అన్నగారి వైపు చూడలేదు, నావైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వీడే అన్నయ్యా. పెట్టె చల్లబెట్టేశాడు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు బయటపడింది సంగతి. ఆ చలికాలమంతా, నేను పడుకున్నాక అమ్మ తోడేసిన పాలగిన్నె తెచ్చి గుండిగ మూతమీద పెట్టేదట. నేను లేవకముందే తీసేసేదట (నేను లేచే వేళకి ఏడుసార్లు తీసి పెట్టొచ్చు). నిన్న రాత్రి కూడా అలవాటుగా పెట్టేసింది. పొద్దున్న చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. పొయ్యి పక్కన పెట్టి చూసినా లాభం లేకపోయింది. పక్కింట్లో అడుగుదామంటే మొహం చెల్లలేదు, ఈ చలికి పెరుగు తోడుకోవట్లేదని రోజూ మా ఇంటికొచ్చి అడుగుతున్నది వాళ్ళేనట.

నాన్నగారు ముద్ద చేతిలోనే ఉంచుకుని, "అయితే నేను రోజూ మెచ్చుకుంటున్న పెరుగు..." అన్నారు.

"వీడి పెట్టెదేనండి."

ఆ చలికాలంలో ఆయన నా పెట్టెని మెచ్చుకోని రోజంటూ లేదన్నమాట.

నా ఏడాది గడువు ఆ పాలల్లో కొట్టుకుపోయిందనే అనుకున్నాను. మావయ్య పాలన్నం నిదానంగా కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని, తీర్పు చెప్పారు. "బావగారూ, వీణ్ణి నా కొట్లో పెట్టుకోలేనండి. శుభ్రంగా పనిచేసేదాన్ని పట్టుకుని బాగుచేసే రకం వీడు. వారంలో నా వ్యాపారం కూడా బాగుచేసేస్తాడు." తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఒరేయ్, ఆ వేడిది నాకోటి చేసిపెట్టు. చలికాలం మీ అత్తయ్యకి ఇడ్లీ పిండి పొంగి చావదు."

అలా, నేను నెగ్గిన విద్య నన్ను కాపాడలేదు, చెడగొట్టిన పెరుగు కాపాడింది. మర్నాడే రెసిస్టరు యథాస్థానంలో పెట్టించింది అమ్మ. చల్లటి పెట్టెని నాకోసం విడిగా చేసుకున్నాను. అదే నాకు సౌండు పరికరాల కంపెనీలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇప్పుడు అందరం రాజమండ్రిలో ఉంటున్నాం. వేడి పెట్టె మాత్రం మా వంటింట్లో, మిక్సీ పక్కన, అత్తగారి నుంచి కోడలికి సంక్రమించిన ఆస్తిగా ఉంది. స్పీకరు ఎప్పుడో పీకేశారు.

మొన్న చలికాలం ఒక సాయంత్రం నాకు పాత ముచ్చట గుర్తొచ్చి, స్పీకరు తగిలించి, మావయ్యకి వినిపించిన ఆ నాదస్వరమే పెట్టాను. ఎంత బాగుందో చెప్పలేను. నేను చేసినవాటిలో అంత మంచిగొంతు మరి దేనికీ రాలేదు, ఆ వయసు బెంగలోనూ నిజముందనిపించింది. ఇంతలో అమ్మా, మా ఆవిడా ఒకేసారి వంటింటి గుమ్మంలోకొచ్చారు. నాకు గుండె పొంగింది, వినడానికే వచ్చారనుకున్నాను.

"ఆపరా బాబూ," అంది అమ్మ. "పెరుగు కదిలిపోద్ది."

ఆపేశాను. మర్నాడు పెరుగు గడ్డలా తోడుకుంది. రెండోసారి అడిగి వడ్డించుకుని తిన్నాను.